అవ్వకు ఇనబడేది

అద్దం అవతల అవ్వ, మా అమ్మ, కూసున్నది. నెత్తి మీదికెల్లి రెండు చెవులకు నల్లటి డిప్పలు పెట్టిన్రు, పెడ్తుంటే సిగ ఎక్కడ చెదురుతదో అని చెయ్యి అడ్డం పెట్టింది, ఇప్పుడు ఆ చెయ్యి ఒళ్లె పెట్టుకొని బడికి కొత్తగ వచ్చిన పిల్ల లెక్క నిటారుగ కూసున్నది. సప్పుడు ఇనబడంగనే వేలు లేపాలె పెద్దమ్మా, చిన్నదైన సరే పెద్దదైన సరే, అని మిషిన్ కాడ ఉండే శ్యాంసుందర్ సార్ మళ్ల మళ్ల చెప్పిండు. అవ్వ చెప్పినప్పుడల్ల తల ఊపింది. తల ఊపుడు అవ్వకు బాగ అలవాటు. నేను ఇవతల, సార్ పక్కకు స్టూల్ మీద. దవాఖాన వరండాల ఎవలో ముసలాయన దగ్గుతాండు, నర్సు పేర్లు పిలుస్తాంది, చక్రాల మంచం గడప దాటుతాంటే గడగడ మోగింది, ఇవన్నీ నాకు ఇనబడ్తానయ్. ఆ చిన్న గదిలకు మాత్రం ఏం పోవు. గోడలకు మెత్తల లెక్క ఏదో అతికిచ్చిన్రు, తలుపు జానెడు మందం. లోపట ఎట్లుంటదో? నేనెన్నడన్న సప్పుడు లేని జాగల కూసున్ననా? ఎనుమాముల మార్కెట్ పక్కన ఇల్లంటే లారీలు, హమాలీల కేకలు, పత్తి మిల్లు మోత. నర్సంపేట అవతల అమ్మమ్మోళ్ల ఊర్ల నడిమధ్యాన్నం చేన్ల కూసున్నా గాలి ఉంటది, పిట్ట ఉంటది, ఎక్కడో మోటర్ నడుస్తది. గాలి ఉన్న కాడ సప్పుడు ఉండనే ఉంటది, మన చెవికి అందుడు అందకపోవుడే తేడా, అన్నది శోభారాణి మేడం.

శోభారాణి మేడం ఫిజిక్స్ చెప్తది. నేను చదివేది బీఏ, చరిత్ర, రాజనీతి, తెలుగు. మరి నాకు ఫిజిక్స్ మేడం ఎందుకున్నదంటే, హన్మకొండల మా కాలేజీకి ఓ రూలున్నది. బీఏ వాళ్లు ఉత్త బీఏ సబ్జెక్టులు చదివితే డిగ్రీ రాదు. సైన్సుల ఒకటి, లెక్కలల్ల ఒకటి, పాటనో బొమ్మనో ఒక కళ, మనకు రాని భాష ఒకటి, ఇవన్నీ పాసైతేనే పట్టా. జనరల్ కోర్సులంటరు. పదోతరగతి కాంగనే సైన్సుకు దండం పెట్టి బయటపడ్డదాన్ని నేను, అది మళ్ల వచ్చి ముంగట కూసున్నది. మొక్కల కోర్సు అడిగిన, అవ్వ చేన్లల్ల పెరిగిన మనిషి, ఆ పేరు చెప్పుకొని గట్టెక్కుత అనుకున్న. సీట్లు నిండినయ్ అన్నరు. మిగిలింది ‘శబ్దం, వినికిడి’. నా దోస్తు ఆయేషాకు గూడ అదే వచ్చింది. ఆయేషా స్టేషన్ ఘన్‌పూర్ కెల్లి రోజు రైలుల వస్తది, ఏదీ మనసుల పెట్టుకోదు. మొదటి క్లాసులనే లేచి నిలబడ్డది. “మేడం, మేం చరిత్ర పిల్లలం. సప్పుడుతోని మాకేం పని మేడం?” మేడం కోపం చేయలే. “నాకూ తెల్వదమ్మా, నేను చరిత్ర చదువలే. ఆఖర్న మీరే నాకు చెప్పాలె” అన్నది. నిజంగనే తెల్వదన్నట్టు అన్నది. తెల్వదు అనే టీచర్‌ను నేను గప్పుడే చూసిన.

సార్ బటన్ ఒత్తిండు. అవ్వ వేలు లేపింది. మళ్ల ఒత్తిండు, మళ్ల లేపింది. మిషిన్ మీద ఒక బుడ్డ లైటు ఉన్నది, సప్పుడు పోయినప్పుడల్ల మెరుస్తది, లైటు మెరుసుడు, అవ్వ వేలు లేసుడు. నాకేదో లోపట నిమ్మళమైతాంది, మరొక దిక్కు ఇదేంది గిట్లయితాంది అని గూడ అనిపిస్తాంది. చెవులు మంచిగున్న మనిషినే పట్టుకొచ్చిన్నా? ఊకెనే ఒకరోజు పని చెడగొట్టి తెచ్చిన్నా? ఇంటికి పోయినంక అవ్వ ఏమంటదో. బాపు ఏమంటడో.

మీరే చెప్పాలె అన్న మేడం మాట పట్టుకొని ఆయేషాకు పిచ్చి లేసింది. ఒకనాడు నేను ఖిల్లకు, పాతకోట కాడికి, తీసుకపోతే రాతిగోడకు ఎదురుగ నిలబడి చప్పట్లు కొట్టింది, వెనుకకు నడిచింది, మళ్ల కొట్టింది, అవతల గొర్లు కాసే ఆయన మమ్ముల చూసి నవ్వుకుంట పోయిండు. సారమ్మా, ఎన్కట యుద్ధంల రాజు ఏదన్న చెప్తే ఆఖరు వరుసల ఉన్నోనికి ఇనబడేదా, అని అడిగింది నన్ను. ఇనబడకపోతే వాడు దేని కోసం కొట్లాడిండు? పుస్తకంల రాజు ఏమన్నడో రాస్తరు, ఎంతమందికి ఇనబడ్డదో రాయరు. మేడారం జాతరల తప్పిపోయినోళ్ల పేర్లు మైకుల చెప్తరు గదా, మైకు లేని కాలంల తప్పిపోయిన పిల్లను ఎట్ల దొరకబట్టిన్రు? జవాబు నాకెర్క లేదు. ఎర్క లేకపోవుడు అంత మంచిగ ఉంటదని గప్పటిదాంక తెల్వదు. రైలుకు టైమైతాంటే గూడ ఆయేషా లేవలే, ఇద్దరం ఆ గోడ పక్కన కూసొని రాళ్లకు చెవులు పెట్టి ఇన్నం, ఏం ఇనబడకున్నా ఇన్నం.

తర్వాత ఒకనాడు మేడం లాప్‌టాప్‌ల ఒక సప్పుడు పెట్టింది, అడుగుకెల్లి పైకి పోయే సప్పుడు. అందరు చెయ్యి లేపున్రి, ఇనబడుడు బంద్ కాంగనే దించున్రి, అన్నది. మొదలు కడుపుల కదిలినట్టు లావుగ వచ్చింది, మెల్లగ సన్నబడుకుంట పోయింది, సూది లెక్క, ఎంట్రుక లెక్క. అందరికంటె ముందు మేడం చెయ్యి దిగింది. మా చేతులింక పైననే ఉన్నయ్. “మీకింక ఇనబడ్తాందా?” అని అడిగింది, గోడ అవతల ఏమున్నదని పొట్టి పిల్ల పొడుగు పిల్లను అడిగినట్టు. వయసు పెరుగుతాంటే పైసప్పుళ్లు, ఆ సన్నటియి, ముందు పోతయట, మోతల పని చేసేటోళ్లకు ఇంక జల్ది పోతయట. ఇంటికి పోయి మీ ఇంట్లోళ్లకు ఇనిపిచ్చి చూడున్రి అన్నది. అదే హోంవర్క్.

ఆ సాయంత్రం బాపు మార్కెట్ కెల్లి వచ్చి గడప మీద చాయ తాగుతాండు. మా బాపు కట్టయ్య హమాలీ, ఆయన గొంతు బస్తాల కింద పెరిగిన గొంతు, గుసగుస పెట్టినా పక్కింటికి ఇనబడ్తది. అవ్వ అటు దిక్కు మొకం పెట్టి బీరకాయ కోస్తాంది. నేను అవ్వ వెనుక కూసొని ఫోన్ల ఆ సప్పుడు పెట్టిన. పైకి పోతాంటే పక్కింటి పాప చెవులు మూసుకొని ఉరికింది. కుక్క లేసి నిలబడ్డది. అవ్వ బీరకాయ చెక్కు తీస్తనే ఉన్నది. ఇంక దగ్గరికి జరిగి వీపు వెనుక పెట్టిన, ఫోను కీచుమని ఒర్లుతాంది, అవ్వ ఒక ముక్క నోట్లేసుకొని చేదు చూసింది. బాపే ఆగలేకపోయిండు. “బంద్ చెయ్యవే సారమ్మా, చెవులు పోతానయ్!” ఆ గొంతుకు అవ్వ తిరిగి చూసింది. “ఏంది? ఏం బంద్ చేయాలె?” అన్నది. బాపు నవ్విండు. నాకు నవ్వు రాలే.

నేను పిలిస్తే అవ్వ పలుకది. ఇది మా ఇంట్ల అందరికెర్కున్న ముచ్చట. బాపు పిలిస్తే పలుకుతది, నేను నాలుగు మాట్ల పిలిస్తే ఒకసారి ఇటు చూస్తది. నాది సన్నగొంతు, జల్ది జల్ది మాట్లాడ్త, అది నా గుణం. బళ్లె ఫస్టొచ్చిన నాడు ఉరుక్కుంట వచ్చి వెనుకకెల్లి చెప్తే, ఆఁ ఆఁ అని బియ్యం ఏరుకుంట కూసున్నది. నేనంటే లెక్క లేదనుకున్న. మొగపిలగాడు పుట్టలేదని మనసుల ఉన్నదేమో అనుకున్న. అట్ల ఏండ్లకేండ్లు అనుకొని అనుకొని అది గోడల రాయి లెక్క గట్టిపడ్డది, ఇల్లు దాని మీదనే కట్టుకున్న. ఇప్పుడు ఆ రాయిని కదిలిచ్చి చూడాలె. నేను పుట్టకముందుకెల్లి అవ్వ జిన్నింగ్ మిల్లుల పత్తి ఎత్తి మిషిన్ల పోస్తది. ఆ మిషిన్ల నడుమ మనిషి మనిషితోని మాట్లాడలేడు, చేతులతోనే అన్నీ. ఆ మోత చెవులను తింటదని ఎవలన్న చెప్పిన్రా? ఒంటి మీద గాయమైతే ఎర్కైతది. ఇది అయితాంటే ఎర్కే కాదు.

తెల్లారి మేడంకు చెప్పిన. మేడం జర ఆలోచన చేసి, మీ అమ్మకు అసలే ఇనబడదని కాదు, మాట ఇనబడ్తది, మాటల కొన్ని అక్షరాలు రావు అన్నది. సన్నటి అక్షరాలు. ఏవేవి మేడం అంటే పెదవులతోని చేసి చూపెట్టింది, స్స్, శ్శ్. నా నోట్లకెల్లి దానంతట అదే వచ్చింది, “ఊష్మాలు మేడం. శ ష స హ.” మేడం ఆగింది. “ఏమన్నవ్?” ఊష్మాలు మేడం, ఊపిరి వేడితోని పలికేటియి, తెలుగు వ్యాకరణంల ఉంటయ్. బోర్డు మీద రాయి అన్నది. రాసిన. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు, అని ఇంక రాసిన, సరళాలు మంచిగ ఇనబడ్తయి, పరుషాలు జారిపోతయ్, ఊష్మాలు అసలే అందవు, అని మేడం ఇనబడేటి వాటి కింద గీత గీసుకుంట పోయింది. ఈ విభజన చేసినోళ్లు ఏ మిషిన్ పెట్టుకొని చేసిన్రమ్మా అని అడిగింది. నాకు తెల్వదు మేడం అన్న. ఇద్దరం ఆ బోర్డును చూసుకుంట నిలబడ్డం. బోర్డు మీద సగం కంటె తక్కువ అక్షరాల కిందనే గీతలున్నయ్. మా అవ్వకు చేరే తెలుగు గంతే. ‘సంత’ అంటే అవ్వకు ‘అం… అ’ అని వస్తది. మిగిలింది ఏడికెల్లి తెచ్చుకుంటాంది మరి?

దవాఖానకు రమ్మంటే అవ్వ రాలే. “నేను చెవిటిదాన్నా? నువ్వన్నది ఇనబడకపోతే ఇప్పుడెట్ల మాట్లాడ్తాన?” అన్నది. మిల్లుల తెలిస్తే చెవిటి మొగిలమ్మ అంటరు, అదీ బుగులు. బాపు నెమ్మదిగ చెప్పిండు, ఆయన నెమ్మది గూడ కేకనే, “పోయి రారాదే మొగిలీ, పిల్లకు కాలేజీల పరీక్షకు కావాల్నట.” అబద్ధమే. నేను కాదనలే. నా చదువు కోసం అంటే అవ్వ కొత్తచీర కట్టుకొని బయలెల్లింది.

మిషిన్ కాడ సార్ మొకం వెలిగింది. “ఇంత సన్నది గూడ పడ్తాంది చూడమ్మా. మీ అమ్మ చెవులకు ఢోకా లేదు.” మంచి మాటనే. మంచి మాటకు సంతోషం కావాలె గద, నాకు నమ్మబుద్ధి కాలే. బీరకాయ కోసిన చెవులేనా ఇవి? నేను లైటును విడిచిపెట్టి అవ్వను చూసిన. అవ్వ కండ్లను చూసిన. అవి కదులుతలేవు. సార్ పెదవి కింద గదవ మీద ఉన్నయ్. సార్ బటన్ ఒత్తేటప్పుడు గదవ జరంత కిందికి దిగుతది, ఆయనకు ఎర్క లేదు, నాకూ ఇప్పటిదాంక ఎర్క లేదు. గదవ దిగుతది, అవ్వ వేలు లేస్తది. గప్పుడే నర్సు వచ్చి ఏదో అడిగింది, సార్ ఆమెకు తల ఊపిండు, చెయ్యి బటన్ మీదనే లేదు, లైటు మెరువలే. అవ్వ వేలు లేపింది.

అవ్వ మోసం చేస్తలేదు. అది నాకు ఎంటనే సమజైంది. అవ్వకు ఇనుడంటే ఇదే. మొకాలు చూసుడు, పెదవులు, భుజాలు, ఎవలు ఎవల దిక్కు తిరుగుతాన్రో చూసుడు, దాంట్ల కెల్లి ముచ్చట అల్లుకునుడు. ఎప్పుడు నేర్చుకున్నదో? నేర్చుకుంటాన అని అవ్వకన్న ఎర్కేనా? ఇట్ల మిల్లు నడిపింది, మార్కెట్ నడిపింది, నన్ను పెంచింది. నేను వెనుకకెల్లి పిలిచినప్పుడే కదా పలుకనిది, ముందట నిలబడి పిలిస్తే ఎన్నడు పలుకలే? ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఇంత కష్టపడి కట్టుకున్నది అందరి ముంగట కూలగొట్టినట్టే. తెరువకపోతే, చెవులు మంచిగున్నయని రాసిచ్చి పంపుతరు, అవ్వ కొంగు సదురుకొని ‘చూసినవా’ అంటది, రేపు మళ్ల మిల్లుకు పోతది, మిగిలింది గూడ పోతది. ఒక తొవ్వ సంగతి తేలాల్నంటే మిగతా తొవ్వలు మూయాలె, అని ల్యాబుల మేడం అన్నమాట, గప్పుడది మార్కులకు రాసుకున్న మాట. లేచిన.

“సార్, అవ్వ మిమ్ములను చూసి లేపుతాంది.”

సార్ చెయ్యి ఆగింది. అవ్వను చూసిండు, తన చేతిని చూసుకున్నడు. “కుర్చీ అటు తిప్పి పెట్టాలె అసలైతే. పెద్దమ్మ బుగులు పడ్తాందని ఇటు తిప్పిన” అన్నడు, లోపటికి పోయి ఏదో చెప్పి కుర్చీ తిప్పిండు. తిరుగుతాంటే అవ్వ అద్దంల కెల్లి నన్ను చూసింది. ఎవలు చెప్పిన్రో తెలిసిపోయింది, మొకాలు చదివే మనిషి కదా. తర్వాత నాకు వీపు మాత్రమే కనబడ్డది. సిగ, మెడ మీద చెమట, కొత్తచీర మడత. లైటు మెరిసింది, వేలు లేసింది. లావు సప్పుళ్లు అవి, సార్ చెప్పిండు. మళ్ల మెరిసింది, లేసింది, జర ఆలిశంగ. తర్వాత మెరిసింది. వేలు లేవలే. సార్ ఏదో పెంచిండు, మెరిసింది, లేవలే. ఇంక పెంచిండు. అవ్వ భుజాలు ముందుకు వంగినయ్, చీకట్ల తొవ్వ ఎతికే మనిషి వంగినట్టు. లైటు మెరుస్తనే ఉన్నది, ఆ చెయ్యి ఒళ్లె ఉన్నది. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్, అయినా చూపు తిప్పుకోబుద్ధి కాలే. ఏ కాడ ఆగుతదో చూడాలె. అవ్వ లోకం ఏ కాడ ఒడుస్తదో నాకు ఎర్క కావాలె.

అయినంక సార్ కాయితం మీద గీత చూపెట్టిండు. ఎడమ దిక్కు సాపుగ నడిచి, నడిమికెల్లి గుట్ట దిగినట్టు దిగిపోయింది. పోయింది తిరిగిరాదు, చెవికి మిషిన్ పెడితే మాట తేటగ ఇనబడ్తది, డాక్టర్ చూసి రాస్తడు, ఇక్కడనే ఇస్తరు, మిల్లుల మాత్రం చెవులకు మూతలు పెట్టుకోవాలె, అని అవ్వకు ఎదురుగ కూసొని మెల్లగ చెప్పిండు. అవ్వ అంతా ఇన్నది. “మూతలు పెట్టుకుంటే సూపర్‌వైజర్ పిలిస్తే ఎట్ల ఇనబడ్తది సారూ?” “ఇప్పుడు ఇనబడ్తాందా పెద్దమ్మా?” అవ్వ నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వుతోనే నా దిక్కు తిరిగింది. “చెవులు ఎట్లాగు పాయె. కండ్లు గూడ గుంజుకుంటివి గద బిడ్డా” అన్నది. కోపమో కాదో నాకు తేలలే, నా చెయ్యి మాత్రం పట్టుకున్నది. “పెట్టుకుంట తియ్యి. నీ పరీక్షేమో అయిపోయె” అన్నది. బాపు అబద్ధం గూడ అవ్వకు అప్పుడే ఎర్కన్నట్టు.

ఇగ పోదామని లేచినం. అవ్వ గది దిక్కు చూసి, “మిషిన్ బంద్ చెయ్యలేదా సారూ, మోగుతనే ఉన్నది?” అన్నది. బంద్ చేసిన పెద్దమ్మా, అన్నడు సార్. “మరి ఇదేంది, సన్నగ, తెగకుంట. రాత్రికి వచ్చేది. లోపట కూసుంటే పట్టపగలే వచ్చింది.” సార్, నేను మొకాలు చూసుకున్నం. రాత్రికి ఏం వస్తదవ్వా, అని ముందట నిలబడి అడిగిన. అవ్వ నన్ను వింతగ చూసింది. “అందరు పండుకున్నంక ఉంటది గదనే, రాత్రి సప్పుడు. లోకం సద్దుమణిగినంక అందరికి ఇనబడేదే గద.” అవ్వ మా ఇద్దరిని మార్చి మార్చి చూసింది. “ఇనబడదా మీకు?”

చెవులు చెడినోళ్లకు లోపటనే ఒక మోత పుడ్తదమ్మా, అని నాకు చెప్పి సార్ మళ్ల డిప్పలు పెట్టిండు. సన్నటి సప్పుళ్లు గట్టిగ పెంచి ఒక్కొక్కటి ఇనిపిచ్చిండు, ఇదా, కాదు, ఇదా, ఇంక పైది, ఇంక జర, అవ్వ కండ్లు మూసుకొని చేతితో పైకి పైకి అంటాంది. ఒక కాడ చెయ్యి టక్కున ఆగింది. “గదే. గదే సారూ.” నేను గూడ ఇంట అన్న. సార్ సప్పుడు తగ్గిచ్చి నాకిచ్చిండు. పెట్టుకున్న. అది పిట్ట కాదు, పురుగు కాదు, మోటర్ కాదు. సన్నటి తీగ ఒకటి తలకాయ నడుమకెల్లి పోయింది, దానికి మొదలు లేదు, ఊపిరి తీసుకునుడు లేదు. ఏండ్లకేండ్లు రోజు మా మంచాల నడుమ ఇది మోగుతాంటే నేను పక్కన పడుకొని నిద్రపోయిన. ఆయేషాకు చెప్పాలె, రాజుల సంగతి తర్వాత. మేడంకు చెప్పాలె. డిప్పలు తీసిన. వరండా సప్పుళ్లన్నీ ఒక్కసారి మీద పడ్డయ్.

అవ్వ నా మొకంల ఏదో ఎతుకుతాంది. “మరి నీకు రాత్రిపూట ఏం ఇనబడ్తది?” అని అడిగింది. ఎవలూ ఎన్నడు అడగని ముచ్చట. నేను అవ్వకు ఎదురుగ కూసున్న, ఎలుతురు నా మొకం మీద పడేటట్టు. మెల్లగ చెప్పుడు షురూ చేసిన. గూడ్సు బండి వంతెన మీద పోయేది ఇనబడ్తది. బాపు నిద్రల పండ్లు పటపట కొరుకుతడు. వాన పడే ముందు రేకుల మీద ఏదో జారినట్టయితది, ఏందో నాకు తెల్వదు. నువ్వు ఒత్తిగిలినప్పుడు గాజులు మంచం పట్టెకు తాకుతయ్.

“నా గాజులా?” అన్నది అవ్వ. చెయ్యి లేపి చూసుకున్నది. జరంత ముందుకు జరిగి నా పెదవుల దిక్కు చూసుకుంట, “ఇంకా?” అన్నది.